ఆఖరి నిమిషం క్రూజ్ ఆఫర్లు: ఓడలో గది చవకే, మరి మొత్తం ఖర్చు?

"సముద్రంలో మూడు రాత్రులు, భోజనం కలిపి, సగం ధరకే. ఇంకో రెండు రోజులే!" ఇలాంటి మెసేజ్‌లు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటాయి. దుబాయ్‌లో ఉద్యోగం చేసే మా ఖాలా కొడుకుకి రెండేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి వచ్చింది. అప్పుడు ఖాలా, ఖాలూ విజిట్ వీసా మీద అతని దగ్గరే ఉన్నారు. అమ్మానాన్నల్ని ఓడ ఎక్కిద్దామని భాయి వెంటనే నలుగురికి డబ్బు కట్టేశాడు. ఓడ వారంలో బయల్దేరాలి.

తీరా పోర్టుకి వెళ్లాక చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పెద్దవాళ్ల పాస్‌పోర్టులు చూసి ఆపేశారు. వాళ్లది ఒక్కసారి ప్రవేశానికే పనికొచ్చే వీసా. ఓడ ఒమన్ వెళ్లి తిరిగొస్తుంది. యూఏఈ దాటిన క్షణంలో ఆ వీసా అయిపోతుంది, మళ్లీ దుబాయ్‌లో దిగడానికి కుదరదు. టికెట్ అమ్మిన ఏజెంట్ ఆ మాట చెప్పలేదు. వీళ్లకి అడగాలని తెలియదు. బయల్దేరే రోజు రద్దు చేసుకుంటే ఒక్క రూపాయి వెనక్కి రాదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అందరూ ఇంటికి తిరిగొచ్చేశారు.

ఆ ఆఫర్‌లో మోసం లేదు. గది నిజంగానే సగం ధరకి వచ్చింది. ఆ అనుభవం తర్వాత ఈ క్రూజ్ ధరల సంగతేంటో తెలుసుకుందామని కూర్చున్నాను. తేలిందేమిటంటే, ఆఖరి నిమిషంలో ధర తగ్గేది ఓడలో గదికి మాత్రమే. విమానం టికెట్, వీసా, సెలవు, ఇవేవీ ఆఖర్లో చవకవ్వవు. అందుకే ఈ బేరం ఎవరికి కలిసొస్తుంది, ఎవరికి కలిసిరాదు అన్నది ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ఓడలో గది ధర ఎందుకు పడిపోతుంది?

కిరాణా కొట్టులో బియ్యం బస్తా ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు. ఓడలో గది అలా నిల్వ ఉండే సరుకు కాదు. సాయంత్రం ఓడ రేవు వదిలిందంటే, ఖాళీగా మిగిలిన గది ఆ ట్రిప్పుకి ఇక ఖాళీయే. డీజిల్ ఖర్చు, సిబ్బంది జీతాలు, పోర్టు ఫీజులు మాత్రం ఓడ నిండినా నిండకపోయినా దాదాపు ఒకటే. ఇంకో కుటుంబం ఎక్కితే కంపెనీకి కొత్తగా పెరిగేది తిండి ఖర్చు, దుప్పట్లు ఉతికే ఖర్చు లాంటివే. కాబట్టి ఎంతో కొంత వస్తే చాలని ధర తగ్గిస్తారు.

విమానం సీటు కూడా నిల్వ ఉండదు కదా, మరి అది ఆఖర్లో ఎందుకు పెరుగుతుంది? ఆఖరి రోజుల్లో విమానం టికెట్ కొనేవాళ్లలో చాలామంది ఆఫీసు పని మీదో, ఇంట్లో ఎవరికో బాగోలేకనో వెళ్లేవాళ్లు. ఎంతైనా పెట్టి కొంటారు. ఓడ ప్రయాణం అలా కాదు, అది సరదా. ధర నచ్చకపోతే ఇంట్లో కూర్చుంటారు. అందుకే విమానం కంపెనీ ఆఖర్లో పెంచుతుంది, క్రూజ్ కంపెనీ ఆఖర్లో తగ్గిస్తుంది. ఈ రెండూ ఒకేసారి జరుగుతాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత లెక్కలో ఇదే కీలకం.

ఇంకో కారణం ఉంది. పెద్ద క్రూజ్ కంపెనీల ఆదాయంలో సుమారు మూడో వంతు టికెట్ నుంచి రాదు. ఎక్కినవాళ్లు లోపల పెట్టే ఖర్చు నుంచి వస్తుంది. బార్, కేసినో, స్పా, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై, ఫొటోలు, రేవుల్లో తిప్పే టూర్లు, ఇవన్నీ అందులోకే వస్తాయి. మనిషి ఎక్కితే చాలు, మిగతాది లోపల రాబట్టుకోవచ్చన్నది వాళ్ల వ్యాపార సూత్రం. ఇక్కడ మనలాంటి కుటుంబాలకి ఒక లాభం కూడా ఉంది. మద్యం ముట్టని, కేసినో గుమ్మం తొక్కని కుటుంబం ఆ చవక టికెట్‌ని నిజంగా చవకగానే వాడుకోగలదు. కాకపోతే డ్రింక్స్ ప్యాకేజీ కలిపి ఇస్తామనే ఆఫర్ జోలికి వెళ్లకూడదు. మనం తాగని దానికి డబ్బు కట్టినట్టు అవుతుంది.

గిరాకీ పడిపోయిన రోజులు

మామూలు రోజుల్లో తగ్గింపు పరిమితంగా ఉంటుంది. ఏదైనా పెద్ద భయం వచ్చినప్పుడు ధరలు బాగా పడిపోతాయి. గత పాతికేళ్లలో ఇలా నాలుగుసార్లు జరిగింది.

మొదటిది 2001. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికన్లు విమానం ఎక్కడానికి భయపడ్డారు. ఓడ ఎక్కాలంటే ముందు విమానంలో పోర్టు ఉన్న ఊరికి చేరాలి, దాంతో బుకింగ్‌లు కుప్పకూలాయి. అప్పుడు కంపెనీలు ధరలు కోయడంతో ఆగలేదు. యూరప్‌కి పంపాల్సిన ఓడల్ని వెనక్కి తెచ్చి, జనం కారులో వచ్చి ఎక్కగలిగే అమెరికా పోర్టుల్లో పెట్టాయి. దగ్గర్లో పోర్టు ఉంటేనే బేరం పనికొస్తుందని కంపెనీలకే అప్పుడు తెలిసొచ్చింది.

రెండోది 2009. ఒకవైపు ఆర్థిక మాంద్యం, మరోవైపు ఏప్రిల్ చివర్లో స్వైన్ ఫ్లూ. ఓడలు కొన్ని వారాలపాటు మెక్సికో పోర్టులకి వెళ్లడం మానేశాయి.

మూడోది 2012. జనవరి 13న ఇటలీలోని జీలియో దీవి దగ్గర కోస్టా కంకార్డియా ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. జనవరి నుంచి మార్చి వరకు క్రూజ్ బుకింగ్‌లకి ఏడాదిలోకెల్లా పెద్ద సీజన్. సరిగ్గా అప్పుడే జనం వెనక్కి తగ్గారు.

నాలుగోది 2020. ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా దగ్గర డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది చిక్కుకుపోయారు. వారిలో 700 మందికి పైగా కరోనా సోకింది. ఆ ఓడ సిబ్బందిలో భారతీయులు వంద మందికి పైనే. మార్చి 14న అమెరికా ప్రభుత్వం క్రూజ్‌ల్ని ఆపేసింది. అక్కడి పోర్టుల నుంచి ప్రయాణికులతో పెద్ద ఓడలు మళ్లీ కదిలింది 2021 జూన్‌లోనే.

ఈ నాలుగింటిలోనూ ఒకటే వరస కనిపిస్తుంది. ముందు భయం, తర్వాత ఖాళీ గదులు, ఆ తర్వాత తగ్గింపులు. ఆ ధరలు వాడుకోగలిగింది మాత్రం పోర్టుకి దగ్గర్లో ఉండి, సెలవు దొరికి, పత్రాలు సిద్ధంగా ఉన్నవాళ్లే.

"ఆఖరి నిమిషం" అంటే ఎప్పుడు?

బయల్దేరే ముందు రోజు పోర్టుకి వెళ్లి బేరం ఆడటం అనుకుంటే పొరపాటే. ప్రయాణికుల వివరాలన్నీ ముందే ఇమిగ్రేషన్ వాళ్లకి పంపాలి కాబట్టి, బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందే బుకింగ్ ఆగిపోతుంది.

అసలు కథ పూర్తి చెల్లింపు గడువు దగ్గర మొదలవుతుంది. అమెరికా కంపెనీల్లో గది బుక్ చేసేటప్పుడు అడ్వాన్స్ మాత్రమే కడతారు. మిగతాది చిన్న ట్రిప్పులకి సుమారు 75 రోజుల ముందు, వారం అంతకంటే పెద్ద ట్రిప్పులకి సుమారు 90 రోజుల ముందు కట్టేయాలి. మనసు మారినవాళ్లు ఆ గడువులోపే రద్దు చేసుకుంటారు. అలా వెనక్కి వచ్చిన గదులు ఒక్కసారిగా మళ్లీ అమ్మకానికి వస్తాయి. కాబట్టి బయల్దేరడానికి మూడు నెలల ముందు నుంచి నెల ముందు వరకు ఉన్న కాలమే గమనించాల్సిన కాలం. ఆఖరి రెండు వారాల్లో ధర ఇంకా పడొచ్చు, లేదా ఓడ నిండిపోయి గది దొరకకపోవచ్చు.

పిల్లల బడి సెలవులకి కట్టుబడి ఉన్న కుటుంబాలకి ఇంకో దారి ఉంది. వెనక్కి వచ్చే అడ్వాన్స్‌తో ముందే బుక్ చేసి, ధర గమనిస్తూ ఉండటం. పూర్తి చెల్లింపు గడువులోపు ధర తగ్గితే, అమెరికా మార్కెట్‌లో చాలా కంపెనీలు తగ్గిన ధరకే మారుస్తాయి, మనం అడిగితేనే. అడ్వాన్స్ వెనక్కి వచ్చేదా, రానిదా అన్నది బుక్ చేసేటప్పుడే చూసుకోవాలి. రెండో రకం కొంచెం చవకగా కనిపిస్తుంది, కానీ మనసు మారితే పోయినట్టే.

ఎక్కడ, ఏ నెలల్లో?

కరీబియన్: అమెరికా దక్షిణ తీరం నుంచి బయల్దేరే ఓడలివి. తుపానుల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. సెప్టెంబర్‌లో అక్కడ బడులు తెరిచాక, తుపానులు ఎక్కువగా ఉండే రోజుల్లో ధరలు బాగా తగ్గుతాయి. డిసెంబర్ మొదటి రెండు వారాలు, కొత్త సంవత్సరం సంబరాలు అయిపోయిన జనవరి రోజులు కూడా చవకే. తుపాను వస్తే ఓడ దారి మార్చుకుంటుంది. చూద్దామనుకున్న దీవి బదులు ఇంకో దీవికి తీసుకెళ్లినా టికెట్ డబ్బు వెనక్కి అడగలేం.

అలాస్కా: మే మొదట్లో, సెప్టెంబర్‌లో తక్కువ. చలికి సిద్ధపడాలి.

సముద్రాలు దాటే ట్రిప్పులు: ఏప్రిల్, మే నెలల్లో ఓడలు కరీబియన్ నుంచి యూరప్‌కి, అక్టోబర్, నవంబర్‌లలో తిరిగి అటు మారతాయి. రెండు వారాల ప్రయాణం, మధ్యలో రేవులు తక్కువ. రోజు లెక్కన చూస్తే చాలా చవక. కానీ వెళ్లేది ఒక ఖండంలో, దిగేది ఇంకో ఖండంలో. ఒకవైపు విమానం ఖర్చు తప్పదు. పిల్లలున్న కుటుంబాలకి కుదిరే పని కాదు.

గల్ఫ్: దుబాయ్, అబుదాబీ, దోహా నుంచి సీజన్ నవంబర్ నుంచి మార్చి వరకు. ఎండలు మొదలయ్యేసరికి ఓడలు యూరప్‌కి వెళ్లిపోతాయి. ఇక్కడ ధరలకి, షెడ్యూల్‌కి యుద్ధ వార్తలతో నేరుగా సంబంధం ఉంటుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు ట్రిప్పులు రద్దు చేసుకున్నాయి, దారులు మార్చుకున్నాయి. కాబట్టి ఈ ప్రాంతంలో ధర చూసేముందు ఓడ అసలు తిరుగుతోందా లేదా చూడాలి.

మన తీరం: ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు తిరిగే కార్డీలియా ఎంప్రెస్ 2021 సెప్టెంబర్‌లో మొదలైంది. 1990 నాటి ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్ కంపెనీది. నైరుతి రుతుపవనాలు వచ్చేసరికి అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఓడని తూర్పు తీరానికి తెస్తారు. అలా 2022 జూన్‌లో అది విశాఖపట్నం వచ్చింది. అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై మీదుగా ట్రిప్పులు వేసింది. విశాఖలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. తూర్పు తీరం ట్రిప్పులు ఏటా ఒకే తేదీల్లో ఉండవు, అందుకే ఏప్రిల్, మే నెలల్లో షెడ్యూల్ చూస్తుండాలి. జూన్‌లో మన రెండు రాష్ట్రాల్లో బడులు తెరిచాక వారం మధ్యలో బయల్దేరే ట్రిప్పులకి, శనివారం ట్రిప్పుల కంటే గిరాకీ తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

ఒక కుటుంబం లెక్క

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. హైదరాబాద్ నుంచి విదేశీ పోర్టుకి విమానంలో వెళ్లి, 4 రాత్రుల ఓడ ఎక్కుతారనుకుందాం. ఇవి కేవలం లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు.

ప్రకటనలో ధర: తలకి 25,000. నలుగురికి 1,00,000.
పోర్టు ఫీజులు, పన్నులు: తలకి 8,000. మొత్తం 32,000.
టిప్స్: తలకి రోజుకి 1,500 చొప్పున 4 రోజులకి 24,000.
విమానం రానూపోనూ: తలకి 30,000. మొత్తం 1,20,000.
వీసాలు: తలకి 4,000. మొత్తం 16,000.
ముందు రోజు హోటల్: 8,000.
ట్రావెల్ ఇన్సూరెన్స్: తలకి 1,000. మొత్తం 4,000.

అన్నీ కలిపితే 3,04,000. ప్రకటనలో చూసింది లక్ష, జేబులోంచి పోయింది మూడు లక్షల పైచిలుకు.

ఇప్పుడు బేరం ఎంత మిగిల్చిందో చూద్దాం. ఆ గది అసలు ధర తలకి 35,000 ఉండేది, ఆఖర్లో 25,000కి వచ్చిందనుకోండి. నలుగురికి 40,000 మిగిలింది. కానీ విమానం టికెట్ రెండు నెలల ముందు కొని ఉంటే తలకి 20,000కే దొరికేది, ఆఖర్లో కొన్నందుకు 30,000 అయింది. అంటే 40,000 ఎక్కువ పెట్టాం. ఓడలో మిగిలింది విమానంలో పోయింది. బేరం సున్నా. పైగా కంగారు, హడావుడి ఫ్రీ.

టిప్స్ సంగతి చాలామందికి తెలియదు. పెద్ద కంపెనీలు మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు బిల్లులో తామే వేసేస్తాయి, పిల్లలకి కూడా. గది ధర సగమైనా ఇది సగం కాదు. పోర్టు ఫీజులు కూడా అంతే.

మరి ఈ బేరం ఎవరికి కలిసొస్తుంది?

పై లెక్కలోంచి విమానం, వీసా, హోటల్ తీసేసి చూడండి. 1,60,000 మిగులుతుంది. అప్పుడు 40,000 తగ్గింపు అంటే ఐదో వంతు కలిసొచ్చినట్టే. కాబట్టి ఆఖరి నిమిషం ఆఫర్ పోర్టుకి రోడ్డు మీదో రైల్లోనో చేరగలిగేవాళ్లది.

నెల్లూరు, తిరుపతి వాళ్లకి చెన్నై మూడు నాలుగు గంటలు. శ్రీకాకుళం నుంచి రాజమండ్రి వరకు ఉన్నవాళ్లకి విశాఖ దగ్గర. హైదరాబాద్ నుంచి చెన్నైకి, ముంబైకి రాత్రి బండ్లున్నాయి. రైలు ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు, అందుకే ఒక రోజు ముందే చేరాలి. మన పోర్టు నుంచి మన పోర్టుకే వెళ్లే ట్రిప్పుకి వీసా అక్కర్లేదు, ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు.

గల్ఫ్‌లో రెసిడెన్స్ వీసా మీద కుటుంబంతో ఉన్నవాళ్లకి కూడా ఇది బాగా కుదురుతుంది. టాక్సీలో పోర్టుకి వెళ్లొచ్చు, వారాంతపు సెలవులకి ఒక రోజు సెలవు కలిపితే సరిపోతుంది.

అమెరికాలో డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ పోర్టు కారులో గంట, డాలస్ నుంచి ఐదు గంటల లోపు. అక్కడి కంపెనీలు కొన్ని ట్రిప్పుల్లో ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకి, 55 ఏళ్లు దాటినవాళ్లకి ప్రత్యేక ధరలు ఇస్తాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పేరు మీద బుక్ చేసేటప్పుడు ఈ మాట అడిగి చూడండి.

వీసా: డబ్బు కట్టకముందే చూడాల్సింది

ఓడ ఒక దేశం నుంచి బయల్దేరి అదే దేశానికి తిరిగొస్తుంది. కానీ మధ్యలో సరిహద్దు దాటుతుంది. ఇమిగ్రేషన్ దృష్టిలో మీరు దేశం వదిలి మళ్లీ వస్తున్నట్టే. అందుకే బయల్దేరే దేశానికి ఒకసారి కంటే ఎక్కువ ప్రవేశానికి అనుమతిచ్చే వీసా కావాలి. మా ఖాలా వాళ్లకి లేనిది అదే.

యూఏఈలో విజిట్ వీసా మీద ఉన్నవాళ్లు మల్టిపుల్ ఎంట్రీ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. సౌదీలో ఇఖామా ఉన్నవాళ్లు, ఓడ సౌదీ దాటి వెళ్లేదైతే ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవాలి. అమెరికాలో హెచ్1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్లు లాయర్‌ని అడగకుండా ఓడ ఎక్కొద్దు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకి మెక్సికో ప్రత్యేక వీసా అడగదు. సింగపూర్ నుంచి ఎక్కితే సింగపూర్ వీసా ముందే ఉండాలి. మలేసియా 2023 డిసెంబర్ నుంచి భారతీయులకి 30 రోజుల వరకు వీసా మినహాయింపు ఇస్తోంది, దాని గడువు మీ ప్రయాణం తేదీకి ఉందో లేదో చూసుకోండి. యూరప్ ట్రిప్పుకి షెంగెన్ వీసా కావాలి. దానికి మామూలుగానే 15 రోజులు పడుతుంది, అపాయింట్‌మెంట్ దొరకడం ఇంకో ఎత్తు. ఆ వీసా చేతిలో లేనివాళ్లకి యూరప్ ఆఖరి నిమిషం ఆఫర్ లేనట్టే లెక్క.

ఇంట్లో గర్భిణి ఉంటే ఇంకో నిబంధన ఉంది. 24వ వారంలోకి వచ్చినవాళ్లని చాలా కంపెనీలు ఎక్కించుకోవు. 6 నెలలలోపు పసిపిల్లల్ని కూడా ఎక్కించుకోవు. ట్రిప్పు ముగిసేనాటికి ఎన్నో వారం వస్తుందో లెక్కపెట్టుకోవాలి.

గది ఎంచుకోవడం

ప్రకటనలో ధర ఎప్పుడూ ఒక గదిలో ఇద్దరు ఉంటే తలకి ఎంత అని. ఒంటరిగా వెళ్తే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. అదే గదిలో మూడో, నాలుగో మనిషికి ధర బాగా తక్కువ, కొన్ని ఆఫర్లలో పోర్టు ఫీజులు మాత్రమే. చిన్నపిల్లలున్న కుటుంబానికి ఇది మంచిదే. కాకపోతే నలుగురు పట్టే గదులు ఓడలో తక్కువ, అవే ముందు అయిపోతాయి. ఆఖర్లో దొరికేవి ఇద్దరి గదులు. నలుగురికి రెండు గదులు తీసుకోవాల్సి వస్తే లెక్క మారిపోతుంది.

గ్యారంటీ గది అని ఒక రకం ఉంటుంది. కిటికీ లేనిదా, కిటికీ ఉన్నదా, బాల్కనీ ఉన్నదా అన్న తరగతి మాత్రమే మనం ఎంచుకుంటాం. గది నంబర్ కంపెనీ తర్వాత ఇస్తుంది. అన్నిటికంటే చవక ఇదే. రెండు గదులు తీసుకుంటే పక్కపక్కనే ఇస్తారన్న హామీ లేదు. పిల్లలు ఒక అంతస్తులో, పెద్దలు ఇంకో అంతస్తులో పడితే ఇబ్బంది, కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు నంబర్ ఉన్న గదులే తీసుకోవడం మేలు.

హలాల్ భోజనం, నమాజ్

ఆఖరి నిమిషం బుకింగ్‌లో మన కుటుంబాలకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు భోజనం. హలాల్ లాంటి ప్రత్యేక భోజనం కావాలంటే చాలా కంపెనీలు కొన్ని వారాల ముందే చెప్పమంటాయి. మనం బుక్ చేసేదే పది రోజుల ముందైతే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. అప్పుడు చేపలు, శాకాహారం మీద గడపాలి. వంటల్లో వైన్ కలుపుతారా అని వెయిటర్‌ని ప్రతిసారీ అడగాలి. డబ్బు కట్టేముందే ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్‌లో "ఉంటుంది సార్" అన్న మాటకి విలువ లేదు.

మొదటి నుంచీ దీన్ని దృష్టిలో పెట్టుకున్న ఓడలు కూడా ఉన్నాయి. సింగపూర్ నుంచి తిరిగిన జెంటింగ్ డ్రీమ్ ఓడకి హలాల్ సర్టిఫికెట్ వచ్చింది. సౌదీ ప్రభుత్వ నిధితో నడిచే అరోయా ఓడ 2024 డిసెంబర్‌లో జెద్దా నుంచి మొదలైంది, అందులో మద్యం ఉండదు. ఇలాంటి ఓడల్లో ఆఖర్లో బుక్ చేసినా భోజనం గురించి బెంగ తక్కువ.

నమాజ్‌కి గదిలో రెండు జానమాజ్‌లు పట్టే చోటు ఉంటుంది. ఓడ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఖిబ్లా ప్రతి పూటా చూసుకోవాలి. సముద్రం మధ్యలో ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే దిక్సూచి యాప్ ముందే పెట్టుకోండి. ప్రయాణంలో నమాజ్ నియమాల గురించి బయల్దేరే ముందే మీ ఆలిమ్ సాబ్‌ని అడిగి తెలుసుకోండి.

డబ్బు భద్రంగా ఉందా?

గిరాకీ పడిపోయినప్పుడు ధరలతోపాటు కంపెనీలు కూడా పడిపోతాయి. 2001 దాడులు జరిగిన రెండు వారాలకే, సెప్టెంబర్ 25న, రెనేసాన్స్ క్రూజెస్ మూతపడింది. మన దగ్గర 2019 ఏప్రిల్‌లో ముంబై నుంచి మొదలైన జలేష్ క్రూజెస్ 2020 అక్టోబర్‌లో మూతపడి, దాని ఓడ కర్ణికా అలంగ్‌లో తుక్కుకి వెళ్లింది. 2022 జనవరిలో జెంటింగ్ హాంకాంగ్ దివాలా తీసింది. ఆ కంపెనీ ఓడ వరల్డ్ డ్రీమ్‌ని అమ్మేస్తేనే, అదే ఇప్పుడు అరోయాగా తిరుగుతోంది.

కంపెనీ మునిగినప్పుడు బ్యాంకులు, ఇతర అప్పులవాళ్లు ముందు వరసలో ఉంటారు. టికెట్ కొన్న మనం చివరి వరసలో. 2020లో కొన్ని పెద్ద కంపెనీలు డబ్బు వెనక్కి ఇచ్చే బదులు, కట్టిన దానికి 125 శాతం విలువైన క్రెడిట్ తీసుకుని తర్వాత రండి అని ఆశపెట్టాయి. ఆ కంపెనీ బతికి ఉంటేనే ఆ క్రెడిట్‌కి విలువ. ఇలాంటప్పుడు నగదు అడగడమే మంచిది.

ఒక్క విషయంలో ఆఖరి నిమిషం బుకింగే నయం. డబ్బు కట్టిన రోజుకీ ఓడ ఎక్కే రోజుకీ మధ్య దూరం తక్కువ. ఏడాది ముందు కట్టినవాళ్లకున్నంత రిస్క్ ఉండదు.

చెల్లింపు క్రెడిట్ కార్డు మీద చేస్తే, సేవ అందనప్పుడు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే వీలుంటుంది. గడువులోపు బిల్లు కట్టేస్తే వడ్డీ పడదు. "ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి" అనే వాయిదాల్లో వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు దాగి ఉంటాయి. ఏజెంట్ సొంత యూపీఐ నంబర్‌కి మాత్రం పంపొద్దు. పంపాక నిరూపించుకోవడం కష్టం.

విమానం, ఓడ, హోటల్ కలిపి విదేశీ ప్యాకేజీగా కొంటే ఏజెంట్ టీసీఎస్ వసూలు చేస్తాడు. ఆ రేటు బడ్జెట్‌కో రకంగా మారుతోంది, బుక్ చేసే రోజు ఎంతో అడగండి. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమవుతుంది. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వాపసు వస్తుంది. ఆదాయం పన్ను పరిధిలో లేని చాలామంది రిటర్న్ వేయక ఈ డబ్బు వదిలేసుకుంటున్నారు.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

1. పోర్టు ఫీజులు, పన్నులు, టిప్స్ అన్నీ కలిపి నలుగురికి ఎంత? తలకి ఎంత అన్నది వద్దు, మొత్తం చెప్పమనండి.
2. ఓడ ఏయే దేశాల్లో ఆగుతుంది? మా పాస్‌పోర్టులకి, మా వీసాలకి అది సరిపోతుందా? జవాబు రాతలో కావాలి.
3. బుకింగ్ నంబర్ ఎప్పుడిస్తారు? ఇచ్చాక క్రూజ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ నంబర్, మన పేర్లు కనిపిస్తున్నాయో లేదో మనమే చూసుకోవాలి.
4. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుంది? కంపెనీయే రద్దు చేస్తే నగదు ఇస్తారా, క్రెడిట్ ఇస్తారా?
5. హలాల్ భోజనం ఇంకా అడగొచ్చా, గడువు దాటిపోయిందా?
6. నలుగురూ ఒకే గదిలోనా, రెండు గదులా? రెండైతే పక్కపక్కనేనా?

ఈ ఆరింటికీ జవాబు వచ్చేలోపు ఆఫర్ అయిపోతుందని ఏజెంట్ తొందరపెడితే, అయిపోనివ్వండి. ఖాళీ గదులున్న ఓడ ఇవాళ ఒకటి వెళ్తే వచ్చే నెల ఇంకోటి వస్తుంది.

మా ఖాలా వాళ్లు పోయిన ఏడాది మళ్లీ దుబాయ్ వెళ్లారు. ఈసారి భాయి ముందు వాళ్లకి మల్టిపుల్ ఎంట్రీ వీసా తీయించాడు, ఆ తర్వాతే ఓడల ధరలు చూడటం మొదలుపెట్టాడు. మొదటిసారి దొరికినంత చవకగా దొరకలేదు. కానీ ఈసారి నలుగురూ ఓడ ఎక్కారు.